ఎదురు సాలు

నంద్యాల,
8 సెప్టెంబరు 2024, ఆదివారం

అక్కకు, నిర్మల వందనాలు.

ఈ ఉత్తరం ఈ రోజే ఎందుకు రాస్తున్నానంటే, రేపటి నుంచి మమ్మల్ని పిల్లలకు పాఠాలు చెప్పడానికి గోస్పాడు దగ్గర ఒక హైస్కూలుకు పంపుతున్నారు. బి.ఇడి. రెండో ఏడాదిలో దీన్ని టీచింగ్ ప్రాక్టీస్ అంటారు. నవంబరు దాకా ఉంటుంది. అది సక్రమంగా పూర్తయిందని ఆ స్కూలు హెడ్‌మిస్ట్రెస్ సంతకం చేస్తేనే నా చదువు పూర్తయినట్టు. అందులోకి దిగే ముందు నిన్నొక మాట అడగాలి.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. చేస్తే నీ వేళ్లకు పత్తిపూల పుప్పొడి అంటుకుని ఉంటుంది, స్పీకర్ పెడతావు, కూలీల గుంపులో ఆడవాళ్లందరూ వింటారు. మధ్యలో ఆదిలక్ష్మమ్మ దూరి "పెండ్లెప్పుడు మే?" అని అరుస్తుంది. అందుకే ఉత్తరం. నువ్వు చర్చిలో పెద్దక్షరాల బైబిలు మీద చదవడం నేర్చుకున్నావు కాబట్టి నేనూ పెద్దక్షరాలతోనే రాస్తున్నాను. నిదానంగా చదువుకో.

ఆ స్కూలుకు పోయే మా గుంపులో నలుగురం. నేను, హిమజ, అజయ్ కుమార్, సందీప్. నాకు ఇరవై తొమ్మిది, వాళ్లకు ఇరవై ఒకటి దాటలేదు. నేను ఇంటర్ అయ్యాక పదేళ్లు నీ పక్కన విత్తనాల పత్తి చేలో పనిచేసి, దూరవిద్యలో డిగ్రీ రాసి ఇక్కడికి వచ్చిన మనిషిని. వాళ్లు అట్లా కాదు. చెడ్డవాళ్లు కాదు గానీ చదువు మీద మనసు లేదు. అన్నిట్లో వెనకబడతారు. పోయిన వారం గుంపంతా కలిసి చార్టులు తయారు చేయాలంటే నేనొక్కదాన్నే గీశాను. హిమజ నవ్వి, "నువ్వు వచ్చినావంటే మేమందరం వచ్చినట్టేలే అక్కా" అంది. అజయ్ కుమార్ వాడి స్నేహితుడితో, "మా గుంపులో అక్క ఉంది రా, ఇంగ మాకేం భయం?" అన్నాడు. వాళ్లు మెచ్చుకున్నారో ఎగతాళి చేశారో నాకు తెలియలేదు. గదికి వచ్చాక మాత్రం ఏడుపు వచ్చింది.

నువ్వు గుంపు మేస్త్రివి. పని మీద మనసు లేని వాళ్లు నీ గుంపులోకి వస్తే ఏం చేస్తావు? తిడతావా, వదిలేస్తావా? నువ్వు ఎట్లా చెబితే నేను అట్లా చేస్తాను.

ఇంకొకటి. చేలో నా సాలుకు ఇప్పుడు ఎవరు వస్తున్నారు? చేను ఆసామి శేషయ్య నా బదులు మనిషిని చూసుకున్నాడా? పోయిన ఏడాది కూడా అడిగితే నువ్వు మాట మార్చావు.

నీ చెల్లెలు,
నిర్మల


ఆళ్లగడ్డ,
17 సెప్టెంబరు 2024

నిర్మలమ్మకు మీ అక్క ప్రేమకుమారి రాసేది. ప్రభువు నిన్ను కాచుకోవాల.

నీ ఉత్తరం మూడు పూటలు చదివినా. ఆదిలక్ష్మమ్మకు చూపలేదు. అది ఊరకే అడుగుతాంది, "ఏం రాసింది మే, పిల్లోణ్ని చూసుకుందా?" అని. నోరు ముయ్యమన్నా.

నువ్వు అడిగింది ఏందీ, నీకు తెలియందా? మన గుంపులోకి కొత్త పిల్లలు వచ్చినప్పుడు ఏం చేస్తిమి? సాయంత్రం మొగ్గలో దాని పుప్పొడి పోయేటట్టు గిల్లమంటే వాళ్లకు వేళ్లు తిరగవు. పొద్దున్నే మగ చెట్ల పుప్పొడి అద్దమంటే పువ్వు పువ్వుకీ నిలబడి మాట్లాడుకుంటారు. మధ్యాన్నం దాటితే పువ్వు వాడిపోతాది. అట్లని తిడితే మరుసటి రోజు రారు. మన సాలు అయిపోగానే గట్టెక్కి కూర్చోకుండా, వాళ్ల సాలుకు ఆ చివర నుంచి మొదులు పెడతాము. ఎదురు సాలు పడతాము. వాళ్లు ఈ పక్క నుంచి వస్తాంటారు, మనం ఆ పక్క నుంచి పోతాంటాము. నడాన కలుసుకుంటాము. అందరం ఒకేసారి గట్టెక్కుతాము. నాలుగు దినాలకు వాళ్లకే సిగ్గొచ్చి చేయి తిరుగుతాది. నీకు చేయి తిరిగింది యాడ? నేను ఎదురు సాలు పడితేనే కదా. మొదటి యేడు నువ్వు చేలో కూర్చోని ఏడ్చినావు, గుర్తుందా?

ఆ పిల్లోళ్లకు కూడా అట్లనే చెయ్యి. చిన్నోళ్లు. కోపం చేయొద్దు.

నీ సాలుకు మనిషి ఉండాది. బాగానే చేస్తాండాది. దాని ఊసు నీకెందుకు, నువ్వు చదువుకో.

బావ సున్నిపెంట నుంచి ఇంకా రాలేదు. డ్యామ్ కాడ పని అయిపోలేదంట.

ఇట్లు అక్క.


నంద్యాల,
6 అక్టోబరు 2024, ఆదివారం

అక్కకు వందనాలు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఎదురు సాలు పట్టాను.

నాది తెలుగు. ఆరో తరగతికీ, ఎనిమిదో తరగతికీ చెప్పాలి. అవి అయిపోగానే హిమజ సోషల్ పీరియడ్లు తీసుకుంటున్నాను. తర్వాత సందీప్ సైన్సు. ఎనిమిదో తరగతి లెక్కలు అజయ్ కుమార్‌వి, అవి కూడా నేనే. ముందురోజు పుస్తకం చదువుకుని వెళ్తాను. పిల్లలు నన్ను "తెలుగు మిస్సు" అనడం మానేసి "అన్నిటి మిస్సు" అంటున్నారు. ఒక పిల్లవాడు "మిస్, ఆటల పీరియడ్ కూడా మీదేనా?" అని అడిగాడు. ఆ రోజు చాలా రోజుల తర్వాత నవ్వాను.

హెడ్‌మిస్ట్రెస్ రామేశ్వరమ్మ గారు మంచి మనిషి. కోపిష్టి కూడా. వరండాలో కనిపించినప్పుడల్లా "మిగతా వాళ్లు యాడమ్మా?" అని అడుగుతారు. "వస్తాండారు మేడం" అంటాను. నోటికి ఆ మాట అలవాటైపోయింది.

సాయంత్రం గోస్పాడు నుంచి బస్సులో నిలబడి వచ్చేసరికి కాళ్లు పీకుతాయి. చేలో కూడా ఇంత అలసట ఉండేది కాదనిపిస్తుంది. అక్కడ మాట్లాడుకోవడానికి పక్క సాలులో మనిషి ఉండేది కదా. మా వాళ్లు ఇంకా వెనకే ఉన్నారు. నాలుగు రోజులకు సిగ్గు వస్తుందన్నావు. ఇంకా కొన్నాళ్లు చూస్తాను.

మన ఊరి అబ్రహాము మామ ఇక్కడి చర్చి మీటింగుకు వచ్చి కనిపించాడు. "మీ అక్క చేను నుంచి అందరికంటే వెనక వస్తాండాది, ఆటో కూడా దాని కోసమే నిలబడతాంది" అన్నాడు. మేస్త్రివి కదా, అందరి సాళ్లూ చూసుకుని బయలుదేరుతావని అనుకున్నాను. అయినా అంత చివరిదాకా ఎందుకుంటావు? ఆ కొత్త మనిషికి పని రాదా?

నిర్మల


ఆళ్లగడ్డ,
20 అక్టోబరు 2024

నిర్మలమ్మకు,

నువ్వు ఎదురు సాలు పట్టినావని చదివి నా కడుపు నిండింది. చర్చిలో కూడా చెప్పినా. పాస్టరమ్మ "మీ చెల్లెలు పెద్ద కాలేజీలో ఉన్నా మన పద్ధతి మర్చిపోలేదు" అనింది.

అబ్రహాము మామ చేతికి చెనిక్కాయల పొడి ఇచ్చి పంపుతాండా. నలుగురికీ సరిపోయేంత ఉండాది. మధ్యాన్నం ఆ పిల్లోళ్లతో కలిసి తినండి. కలిసి తింటే కలిసి పని చేస్తారు. హిమజ అనే పిల్ల మెత్తని పిల్ల మాదిరి ఉండాది, దాన్ని దగ్గర పెట్టుకో. మొగపిల్లోళ్లు కారం తింటారో లేదో, అడుగు.

నేను వెనక వచ్చేది ఏమీ లేదు. అబ్రహాము మామకు కండ్లు సరిగా కనపడవు.

కొత్త మనిషికి పని బాగా వస్తాది. నాకంటే బాగా చేస్తాది.

అక్క


నంద్యాల,
10 నవంబరు 2024, ఆదివారం

అక్కా,

నువ్వు పంపిన పొడి నేనొక్కదాన్నే తిన్నాను. స్కూలు వెనక మెట్ల మీద కూర్చుని, రోజూ కొంచెం కొంచెం. మొన్నటితో అయిపోయింది.

నీకు చెప్పనిది ఒకటి ఉంది. వాళ్లు వెనకబడలేదు. వాళ్లు రారు. మొదటి రోజు తప్ప ఆ ముగ్గురిలో ఎవరూ ఆ స్కూలు గేటు లోపల అడుగు పెట్టలేదు. మా కాలేజీలో చాలామంది అంతే. చేరతారు, మళ్లీ పరీక్షలప్పుడు కనిపిస్తారు. సందీప్ పగలంతా సెల్‌ఫోన్ల అంగడిలో పనిచేస్తాడు. అజయ్ కుమార్‌ను వాళ్ల నాయన బలవంతాన చేర్పించాడు, వాడు గ్రౌండ్ వదిలి రాడు. హిమజ హాస్టల్లో దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. నువ్వు మన చర్చిలో అందరికీ "మా చెల్లెలు పెద్ద కాలేజీలో ఉండాది" అని చెప్పుకున్నావు. ఆ కాలేజీ గదులు ఖాళీగా ఉంటాయని రాయడానికి నాకు చేయి రాలేదు. అందుకే మనసు లేదని రాశాను, వెనకబడ్డారని రాశాను.

ఇప్పుడు జరిగింది చెబుతాను.

ఎనిమిదో తరగతికి తగ్గింపుల లెక్కలు చెప్పాను. అంగట్లో చీర మీద నూటికి ఇరవై తగ్గించి, తగ్గిన ధర మీద మళ్లీ నూటికి పది తగ్గిస్తే మొత్తం ఎంత తగ్గినట్టు అని. రెండూ కలపండి, ముప్పై అని చెప్పాను. తప్పు. రెండో తగ్గింపు మిగిలిన ఎనభై మీదనే కదా, అప్పుడు ఎనిమిదే తగ్గుతుంది, మొత్తం ఇరవై ఎనిమిది. పుస్తకంలో సరిగ్గానే ఉంది. ముందురోజు సైన్సు కూడా చదువుకోవాల్సి వచ్చి, ఆ పేజీ సగమే చూశాను. రెండు సార్లు చెప్పించాను, పలక మీద దిద్దించినట్టు అందరిచేత నోటుపుస్తకంలో రాయించాను.

పరీక్ష పెట్టారు. తరగతి మొత్తం ముప్పై అని రాసింది.

రామేశ్వరమ్మ గారు పిలిపించారు. పేపర్లు బల్ల మీద పరచి ఉన్నాయి.

"ఈ లెక్క ఎవరు చెప్పినారు?"

"నేనే మేడం."

"నువ్వు తెలుగు కదమ్మా. లెక్కలాయన యాడ?"

"రారు మేడం."

"వస్తాండారు, వస్తాండారు అని ఇన్ని దినాలు చెప్పినావే. నమ్మితిని. రాలేదని ఒక్క మాట చెప్పింటే నేనే పోయి చెప్పుకుందును కదా ఆ లెక్కలు." కాసేపు పేపర్లు తిప్పి, "పిల్లోళ్లు నేర్చుకోలేదని కాదు. బాగా నేర్చుకున్నారు. అదే కష్టం" అన్నారు.

అక్కా, మొగ్గ గిల్లకుండా వదిలేస్తే అది వట్టి మొగ్గ, అందరికీ కనపడుతుంది. సగం గిల్లి, పని అయినట్టు గుర్తుకు దారం కట్టేస్తే అది మంచి కాయలాగే పెరుగుతుంది, చెడ్డ విత్తనం బస్తాలోకి పోతుంది. ఇది నువ్వు నాకు మొదటి ఏడాదే నేర్పావు. ఖాళీ పీరియడ్ అయితే మేడం చూసేవారు. నేను దారం కట్టాను.

ఇప్పుడు ఆవిడ గుంపులో ఎవరికీ సంతకం చేయనంటున్నారు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, నేను ఏమని చెబుతూ వచ్చాను, అంతా నా చేత్తో రాసి నవంబరు ఇరవై ఐదు, సోమవారం ఇవ్వమన్నారు. మా కాలేజీలో సుందరరాజు సార్ దగ్గరికి వెళ్తే, "అందరూ వచ్చారని రాసెయ్యమ్మా, మేడంతో నేను మాట్లాడతా. ఎందుకు నలుగురి జీవితాలు పాడుచేయడం?" అన్నారు.

సంతకం ఆగిందని తెలిసి ఆ ముగ్గురూ మొదటిసారి నా గదికి వచ్చారు. నేను ఎప్పటినుంచో దాచుకున్న మాటలన్నీ అనేశాను. హిమజ విని, "మా అక్క బి.ఇడి. చేసి ఐదేండ్లయిందక్కా. ఇంట్లో కూర్చోని టీచరు పోస్టుల కోసం ఎదురుచూస్తాంది. నేను పోయి పాఠం చెప్పింటే ఆ పోస్టులు బేగా వస్తాయా?" అంది. కోపంతో అనలేదు. అజయ్ కుమార్ మాత్రం, "అన్నీ నువ్వే చేసేస్తివి. ఒక్క దినమన్నా రాండ్రా అని పిలిచినావా మమ్మల్ని?" అన్నాడు.

పిలవలేదు అక్కా. అది నిజం. నువ్వు చెప్పినట్టు ఎదురు సాలు పడుతున్నాననే అనుకున్నాను.

ఏం చేయాలో చెప్పు.

నిర్మల


ఆళ్లగడ్డ,
14 నవంబరు 2024

నిర్మలా,

రాని మనిషి సాలు పట్టమని నేను ఎప్పుడు చెప్పినా? ఎదురు సాలు అంటే ఆ పక్క నుంచి ఇంకో మనిషి రావాల. వచ్చేది నిదానమో, సగమో, ఏడ్చుకుంటానో, వస్తాండాల. ఆ పక్క మనిషే లేకుంటే అది ఎదురు సాలు యాడయితాది? అది వాళ్ల పని నువ్వు చేసి పెట్టేది. ఇంత చదివినావు, ఇది తెలియలేదా? చేతులకు బొబ్బలెక్కిన పిల్లోళ్లు అనుకుంటి నేను. వాళ్ల కోసం ప్రార్థన కూడా చేస్తిని. పొడి దంచి పంపితిని.

నీ సాలుకు మనిషి ఉండాదని రాసినా కదా. ఆ మనిషి నేనే. శేషయ్య ఒప్పుకోలేదు. ఇన్ని సాళ్లని మాట ఇచ్చి మనిషిని తగ్గిస్తే గుంపునే మార్చేస్తా అన్నాడు. ఆదిలక్ష్మమ్మ వాళ్లు యాడికి పోతారు? నిర్మల సాలు కూడా నాదేలే అన్నా. పోయినేడు చేసినా. ఈయేడూ చేస్తాండా. కుడి భుజం పైకి లేయదు. జడ ఆదిలక్ష్మమ్మ వేస్తాంది. నీ సాలు నేను పట్టింది నువ్వు చదువుకుంటావని. నువ్వేమో దాన్ని తీసకపోయి దుప్పటి కప్పుకుని పడుకున్నోళ్లకు ఇచ్చేసినావు.

ఇది నీకు చెప్పగూడదనుకుంటి. కోపంలో వచ్చేసింది. కొట్టేద్దామంటే పెన్నుతో రాసినా, ఇంకో కాగితం లేదు.

అబద్ధం రాయొద్దు. సంవత్సరం కూడా పోగొట్టుకోవద్దు. రెండూ ఎట్లయితాదో నాకు తెలియదు, నువ్వే చూసుకో. చేనికి వస్తానని మాత్రం అనొద్దు. వస్తే నేను మాట్లాడను.

అక్క


నంద్యాల,
17 నవంబరు 2024, ఆదివారం

అక్కకు,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఒక్కటే కనపడుతోంది. నువ్వు నా సాలులో ఈ చివర నుంచి వంగి వస్తున్నావు. ఆ చివర ఎవరూ లేరు. రెండేళ్ల నుంచి ఆ చివర ఉండాల్సింది నేను. అజయ్ కుమార్‌ను ఎన్ని తిట్లు తిట్టానో అవన్నీ నాకే తగులుతాయి. ఒక్కటే తేడా, వాడికి తన సాలు ఎవరు పడుతున్నారో తెలుసు. నాకు తెలియనివ్వలేదు నువ్వు. అబ్రహాము మామ చెప్పినా నేను కళ్లు తెరవలేదు.

శుక్రవారం మేడంను అడిగి ఎనిమిదో తరగతికి వెళ్లాను. ఆవిడ వెనక బెంచీలో కూర్చున్నారు. "నేను తప్పు చెప్పాను" అని పిల్లలకు చెప్పి, అదే చీర లెక్కను మొదటి నుంచి చేయించాను. చివర్లో ఒక అమ్మాయి లేచింది.

"మిస్, మరి మొదట చెప్పింది ఏం చేయాల?"

"మర్చిపోవాలి."

"యాడ మిస్, బాగా గుర్తుండాది" అంది. తరగతంతా నవ్వింది. మేడం నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను.

బయటికి వచ్చాక ఆవిడ పద్ధతి చెప్పారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే మిగతా ముగ్గురి ప్రాక్టీస్ లెక్కలోకి రాదు. రోజూ అబద్ధం చెప్పాను కాబట్టి నాది కూడా రాదు. వచ్చే ఏడాది కొత్త వాళ్లతో కలిసి మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. "నా స్కూలుకే రా. తెలుగు ఒక్కటే చెప్పు" అన్నారు. అంతకంటే మెత్తగా మాట్లాడటం ఆవిడకు రాదనుకుంటాను.

నిన్న ఆ ముగ్గురినీ పిలిచాను. నిజంగానే, మొదటిసారి. నిజం రాయబోతున్నానని చెప్పాను. సందీప్ లేచి అంగడికి వెళ్లిపోయాడు. అజయ్ కుమార్ తలుపు గట్టిగా వేసి పోయాడు. హిమజ చాలాసేపు కూర్చుంది. వెళ్తూ వెళ్తూ, "వచ్చే యేడు ఆ స్కూలుకు ఏ బస్సు ఎక్కాలక్కా?" అని అడిగింది. వస్తుందో రాదో తెలియదు. నేను నమ్మకం పెట్టుకోలేదు.

నిజం రాయడానికి భయం లేదు. రాస్తాను. కానీ రాస్తే పోయేది నా ఏడాది కాదు అక్కా, నీది. నేను ఇంకో ఏడాది ఇక్కడే ఉంటే నువ్వు ఆ భుజంతో ఇంకో ఏడాది రెండు సాళ్లు పడతావు. అడగకుండానే పడతావు, మళ్లీ "మనిషి ఉండాది" అని రాస్తావు. అది నేను ఒప్పుకోను. వానల వల్ల ఈ ఏడాది విత్తు ఆలస్యమైంది, క్రిస్మస్ దాకా పని ఉంటుందని మామ చెప్పాడు. కాగితం ఇచ్చేశాక, మంగళవారం మొదటి బస్సుకు ఆళ్లగడ్డ వస్తాను. వచ్చే జూన్ దాకా అక్కడ ఏ పని ఉన్నా నా సాలు నాది. జూన్‌లో మళ్లీ ఇక్కడికి వస్తాను, అప్పటికి నా సాలుకు వేరే మనిషిని పెట్టమని శేషయ్యతో నేనే మాట్లాడతాను. ఒప్పుకోకపోతే చదువు ఇంకో ఏడాది ఆగుతుంది. పదేళ్లు ఆగింది కదా.

వస్తే మాట్లాడనన్నావు. మాట్లాడకు. చేలో మాటలు లేకపోయినా పని జరుగుతుంది. నీ జడ మాత్రం ఆదిలక్ష్మమ్మ వేయడానికి వీల్లేదు.

సోమవారం మేడం చేతికి కాగితం ఇచ్చే ముందు నీ జవాబు నా దగ్గర ఉండాలి. ఇరవై మూడో తేదీ, శనివారం లోపు అందేలా రాయి. పెద్దగా రాయనక్కరలేదు. నేను సాలు ఏ చివర నుంచి మొదలుపెట్టాలో, అది రాస్తే చాలు.

నీ చెల్లెలు,
నిర్మల